అసలూ నకలూ

మాది పెద్దమండ్యం. మదనపల్లెలో బీఏ చదివి, పత్రికల్లోకి రాకముందు కొన్నేళ్లు హైదరాబాదులో కాలేజీ పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో పనిచేశాం. సెలవులకు ఊరికొస్తే 'ఏం పని సాయిబూ?' అని అడిగేవాళ్లు. 'పుస్తకాల్లో తప్పులు దిద్దే పని' అంటే 'అయ్యవార్లు రాసిందాంట్లో తప్పులు నువ్వు దిద్దుతావా?' అని నవ్వేవాళ్లు. ఆ నవ్వులో సగం ముద్దు, సగం ఇంకేదో ఉండేది.

'నేను' అని రాయకుండా 'మేం' అని ఎందుకు రాస్తున్నామని పాఠకులకు అనిపించవచ్చు. ఒక్కడు ఏదైనా చేస్తే 'సాయిబులంతా ఇంతే' అనే మాట పడేవాళ్లకు 'నేను' అన్నది అంత సులువుగా నోట రాదు.

ప్రూఫులు దిద్దడం ఇద్దరు కూచుని చేసే పని. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చు కాగితం మీద వేలు పెట్టుకుని పోవాలి. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదవాల్సిందే. ఇవి కాక బొమ్మల కింది రాతలు, పట్టికల్లో అంకెలు, చివర పేర్ల సూచిక. అసలుకూ నకలుకూ మధ్య తేడా పట్టుకోవడమే మొత్తం పని. ఈ 'అసలు', 'నకలు' రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. 'కాగితం' పార్సీ 'కాగజ్'. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ మాటలతోనే బతికి, మధ్యలో ఒక రాతప్రతిలో 'అన్యదేశ్యాలు తెలుగును కలుషితం చేశాయి' అనే వాక్యం వస్తే, దాన్నీ అచ్చుతప్పు లేకుండా దిద్ది పంపేవాళ్లం.

ఈ విడదీత బ్రౌన్ నిఘంటువుల్లోనూ ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా మదనపల్లె కడప జిల్లాలోదే. ఆ కడపలోనే సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, తాళపత్రాలు పోల్చి, తప్పులు దిద్దించి తెలుగు కావ్యాలను నిలబెట్టాడు. ఆ రుణం తెలుగువాళ్లందరిదీ, మాది కూడా. 1852 నాటి నిఘంటువులో 'అసలు' లాంటి మాటలకు హిందుస్తానీ అని గుర్తు పెట్టాడు. 1854లో మిశ్రభాషా మాటలకు ఒక నిఘంటువే వేరుగా వేశాడు. కచేరీల్లో పనిచేసే దొరలకు అది అవసరం, ఆయన్ను తప్పుపట్టలేం. కానీ ఆ తర్వాత వచ్చిన పండితులకు ఆ వేరు కుంపటి బాగా నచ్చింది.

అన్నిటికన్నా కష్టమైంది పేర్ల సూచిక. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు. ఆ లెక్కన మా వాళ్లందరికీ 'షేక్' ఇంటిపేరైపోయి, ఒకరికొకరు ఏమీ కాని మనుషులంతా 'ష' కింద ఒకే ఇంటివాళ్లలా బారులు తీరేవాళ్లు. దూదేకుల వాళ్లకు నిజంగానే ఇంటిపేర్లుంటాయి, వాళ్ల సంగతి నయం. ఇక 'అబ్దుల్ హక్'ను 'హక్, అబ్దుల్' అని తిరగేసేవాళ్లు. అబ్ద్ అంటే దాసుడు. 'అబ్దుల్ హక్' అంటే సత్యమైనవాడి దాసుడు. ఒట్టి 'అబ్దుల్' అంటే ఎవరి దాసుడో తేలకుండా మాట మధ్యలో తెగిపోతుంది. 'నిజాముద్దీన్'ను విరిచి 'ఉద్దీన్' అనేది ఒక వంశం పేరన్నట్టు రాసిన సూచికలు కూడా మా చేతుల మీదుగా పోయాయి. విరవకుండా కలిపి రాయమని చీటీలు రాసి అంటించేవాళ్లం. కొన్ని నిలిచేవి, కొన్ని రాలిపోయేవి.

స్పెల్లింగుదీ అదే కథ. ఉర్దూలో జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నాయి, తెలుగులో నాలుగింటికీ ఒకటే 'జ'. అరబ్బీలో 'ద' వైపు మొగ్గే జ్వాద్ ఉర్దూ నోట 'జ' అవుతుంది. అందుకే ఒకే అధ్యాయంలో రంజాన్, రమజాన్, రమదాన్ మూడూ కనబడేవి. 'ఏదో ఒకటి ఖాయం చేయండి' అనేవారు పైవాళ్లు. మా ఊళ్లో హిందువులూ ముస్లిములూ అనేది రంజానే. మేం దాన్నే ఖాయం చేశాం.

ఈ పనికి హైదరాబాదులో పెద్ద చరిత్రే ఉంది. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్‌లో అరబ్బీ రాతప్రతులను పోల్చి పాఠం తేల్చేవాడిని ముసహ్హిహ్ అంటారు, అంటే సరిదిద్దేవాడు. అల్‌బిరూనీ ఖగోళ గ్రంథం ఖానూనె మస్‌ఊదీ అక్కణ్నుంచే 1954-56లో మూడు సంపుటాలుగా వచ్చింది. 1917లో పెట్టిన దారుల్ తర్జుమా ఉస్మానియా కోసం సైన్సు నుంచి తత్వశాస్త్రం దాకా ఉర్దూలోకి తెచ్చింది. అక్కడ భాష సరిచూసే నాజిరె అదబీ కొలువులో జోష్ మలీహాబాదీ అంతటి కవి పనిచేశాడు. మా బల్లకు అంత వైభవం లేకపోయినా పని అదే కదా అని అప్పుడప్పుడూ మురిసేవాళ్లం. అయితే ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంటిమాట తెలుగు, ఆ ఉర్దూ చదువు వాళ్లకు పరాయిది. ఈ మాట దాచాల్సిన పనిలేదు. 1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లీషుకు మారింది. 1968లో పీవీ నరసింహారావు తొలి అధ్యక్షుడిగా తెలుగు అకాడమీ వచ్చి, కాలేజీ చదువును తెలుగులోకి తెచ్చింది. ఉర్దూవాళ్లు మాటల కోసం అరబ్బీ తలుపు తట్టారు, తెలుగువాళ్లు సంస్కృతం తలుపు తట్టారు. ఉర్దూ పుస్తకంలో బర్క్, తెలుగు పుస్తకంలో విద్యుత్తు. పెద్దమండ్యంలో బోరు మోటారు కాడ అందరికీ అది కరెంటే. ఆకు ఎండలో వండుకునే అన్నం ఒకచోట జియాయీ తాలీఫ్, ఇంకోచోట కిరణజన్య సంయోగక్రియ. రెండు భాషలూ వచ్చిన మాకే రెండుసార్లు నోరు తిరగలేదు.

ఒక డిగ్రీ చరిత్ర పుస్తకం రాతప్రతిలో 'మన దేవాలయాలు', 'వారి మసీదులు' అని ఉంది. అదే అధ్యాయంలో ఇంకో రెండుచోట్ల 'మన' వచ్చింది. పైకి చదువుతున్నది మేమే. ఆ మాట దగ్గర మా గొంతు ఆగింది. ఎదురుగా కూచున్నాయన వేలు కూడా ఆగింది. పక్కన పెన్సిలుతో రాశాం: 'ఇక్కడ మన అంటే ఎవరు? రచయితను అడగాలి.'

సంపాదకుడు పిలిచాడు. కోపంగా కాదు, నింపాదిగానే. 'ఇది అచ్చుతప్పు కాదు గదండీ?' అన్నాడు. కాదు. అసలులో ఎలా ఉందో నకలులో అలాగే ఉంది. మా పని వరకు ఏ లోపమూ లేదు. 'అయినా అడగండి' అన్నాం. మంచివాడే, పంపాడు. రచయిత జవాబులో వాదనేమీ లేదు. రెండుచోట్ల 'మన' కొట్టేసి 'దక్కను' అని రాశారు. మొదటిదాన్ని అలాగే ఉంచారు. పుస్తకం వచ్చింది. మా పెన్సిలు రాత పాత ప్రూఫులతో పాటు తూకానికి పోయింది.

చాలా ఏళ్ల తర్వాత మా చెల్లెలి కూతురు డిగ్రీలో అదే పుస్తకం చదివింది. సీనియర్ల దగ్గర సగం ధరకు కొన్న కాపీ. తిరగేస్తే ఆ పేజీలో, ఆ పేరా కింద, స్కేలు పెట్టి ఎర్ర గీతలు గీసి ఉన్నాయి. పక్కన గుండ్రంగా, మా పిల్ల దస్తూరిలో: 'ముఖ్యం. పరీక్షకు వస్తుంది.'