అట్టపెట్టె మీది అంకె

ఆ రంపం మిషన్ కొన్న రోజు కొట్టు కుర్రాణ్ణి నేను అడిగింది ఒక్కటే. "వీటిల్లో అన్నిటికన్నా పెద్దది ఏది?"

అట్టపెట్టె మీద ఎర్రక్షరాలతో 58 సీసీ అని ఉంది. గొలుసు తిరిగే బారు 22 అంగుళాలు. పక్కనే ఇంకోటి, సగం సీసీల్లో, చూడ్డానికి పిల్లలాడుకునే బొమ్మలా ఉంది. ధర మాత్రం పెద్దదానికంటే ఎక్కువ. చిన్నదానికి ఎక్కువ డబ్బెందుకని నవ్వుకున్నాను. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. అంకెలు నాకు నేర్పాలా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి తోటకెళితే దారి లేదు. మూడెకరాల్లో జీడిమామిడి చెట్లన్నీ వేళ్ళతో సహా పెకలి, ఒకదాని మీదొకటి ఒరిగి పడున్నాయి. తాతగారు నాటిన పనస నడిమికి విరిగింది. కొబ్బరిచెట్లు అన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టుకుని పడుకున్నాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఆ వారం ఎవరి మొహం చూసినా ఒకేలా ఉండేది. కరెంటు రోజుల తరబడి లేదు, గ్యాస్ బండీ రాలేదు. అమ్మ పెరట్లో కర్రల పొయ్యి ముట్టించింది. గ్యాస్ వచ్చాక కూడా ఆ పొయ్యి ఆరలేదు. స్నానాలకి నీళ్ళు కాగేది, పండక్కి అరిసెలు వండేది ఇప్పటికీ దాని మీదే.

రంపం మిషన్ల వాళ్ళు ఊరూరా తిరుగుతున్నారు కానీ మా వంతు ఎంతకీ వచ్చేది కాదు. వస్తామన్న రోజున రారు, వచ్చినవాళ్ళు చెప్పే రేటు వింటే గుండె జారిపోయేది. రెండుసార్లు మాట తప్పాక నాకు చిర్రెత్తింది. మనమే ఒకటి కొనేస్తే సరి, తోట శుభ్రమవుతుంది, ఇంటికి ఐదారేళ్ళ వంటచెరకూ ఉంటుంది అనుకున్నాను. అవసరం చూసుకుని కొనలేదు, కోపంతో కొన్నాను. అందుకే అన్నిటికన్నా పెద్దది కావాల్సొచ్చింది.

ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపి పొయ్యాలి. మోటారు సైకిల్లోలాగ ఇంజనుకి వేరే ఆయిలుండదు, లోపల పిస్టన్‌కి తడి తగిలేదంతా ఆ కలిపిన నూనే. నాన్న పాత స్కూటరు వెనక కూర్చుని ఎన్నిసార్లు బంకులో టూటీ కొట్టించలేదు! ఆ ధైర్యంతో మిషన్‌తో వచ్చిన కాగితం చదవలేదు. లీటరు పెట్రోల్‌కి ఒక మూత ఆయిల్ వేసి సీసా ఊపాను. మూత అంటే మహా అయితే పది మిల్లీలీటర్లు. నా మిషన్‌కి చెప్పింది ఇరవై ఐదుకి ఒకటి, అంటే లీటరుకి నలభై. ఎనిమిదో తరగతి పిల్లలకి నిష్పత్తి, అనుపాతం పాఠం ఏటా చెబుతాను. 25:1 అని బోర్డు మీద రాసి ఎవడైనా తప్పు చేస్తే చెవి మెలిపెట్టినవాణ్ణే.

మూడోరోజు మధ్యాహ్నం పనస మొద్దు కోస్తుండగా మిషన్ గొంతు మారింది. సన్నగా, కీచుగా, ఒక్కసారి ఎగిసి ఠక్కున ఆగింది. తాడు లాగితే రాలేదు. గోడకి కట్టిన తాడు లాగినట్టుంది.

తర్వాత చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. మిషన్ని బండి వెనక కట్టుకుని కొట్టుకెళ్ళాను. నలుగురు కొనుగోలుదారులున్న వేళ చూసి మరీ గొంతు పెంచాను. "మూడు రోజులకే పట్టేసింది. నాసిరకం సరుకు అంటగడతారా?" కుర్రాడు మెల్లగా అడిగాడు, ఆయిల్ ఎంత కలిపారు మాస్టారూ అని. "లీటరుకి నలభై. నేను లెక్కల మాస్టార్ని." అంకె నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. ఇంట్లో బయల్దేరే ముందే కాగితం తీసి చదివాను మరి. వాడు ఒక్క క్షణం నా వైపు చూసి, గల్లాపెట్టె తెరిచి పదిహేను వందలు చేతిలో పెట్టాడు. పిస్టన్ కిట్ వేయించుకోండి, ఇంతకన్నా నా చేతిలో లేదన్నాడు. తీసుకున్నాను.

రిపేరుకి ఊరవతల ఒక మేస్త్రీ దగ్గరికి పంపారు. రేకుల షెడ్డు, కింద రంపపు పొట్టు. ఆయన సిలిండర్ విప్పి పిస్టన్ని గుడ్డతో తుడిచి వెలుతురుకి పట్టుకున్నాడు. ఒక పక్క నున్నగా మెరుస్తోంది. రెండో పక్క, పొగ బయటికెళ్ళే వైపు, పైనుంచి కిందికి గోళ్ళతో రక్కినట్టు గీతలు. వేలు పెట్టి రాస్తే గరగరలాడింది.

"ఏటి మేష్టారూ, టూటీ ఎంత ఏసినారు?"

"నలభై."

"నలభై ఏస్తే ఇలగ గీకదు." ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. "నిమిషానికి పది ఏల సుట్లు తిరుగుతాది ఇది. మీ నాన్నగారి స్కూటరు కాదు."

స్కూటరు సంగతి ఆయనకి నేను చెప్పలేదు. నాలాంటివాళ్ళని ఎంతమందిని చూశాడో.

కిట్ మార్చాక మిషన్ మళ్ళీ మోగింది. ఈసారి మందులు కొలిచే గ్లాసుతో కలిపాను. అయినా నా తప్పులు అయిపోలేదు. చైన్‌కి నూనె వేరే ట్యాంకులో పొయ్యాలి, అది బారు వెంట పాకుతూ గొలుసుని తడుపుతుంది. దానికి నేను మోటారు సైకిల్లోంచి తీసిన కాలిన ఆయిల్ పోశాను, ఊరికే పారబొయ్యడం ఎందుకని. అందులోని మడ్డి సన్నటి రంధ్రంలో అడ్డుపడింది, బారు అంచు వేడికి నీలంగా మాడింది. నూనె వస్తోందో లేదో తెలుసుకోడానికి ఇప్పుడు చేసేది చాలా చిన్న పని. మిషన్ పట్టుకుని బారు మొనని ఎండు మొద్దుకి జానెడు దూరంలో ఉంచి కాస్త వేగం పెంచితే, మొద్దు మీద సన్నటి నూనె చార పడాలి. పడకపోతే కోత మొదలుపెట్టను.

పదును సంగతి ఇంకా దారుణం. మాది ఇసుక నేల. దుంగ నేల మీదే ఉంచి అడుగుదాకా కోసేవాణ్ణి. గొలుసు ఒక్కసారి ఇసుకని తాకితే చాలు, పళ్ళ అంచు పోతుంది. పైగా మొదట కోసినవి కొబ్బరి మొద్దులు. కొబ్బరి మాను పైపెచ్చు ఇనుమే, పళ్ళు తినేస్తుంది. అంతా కోశాక తెలిసింది, పొయ్యిలో అది సరిగ్గా మండనే మండదని. అమ్మ ముందే చెప్పింది. మట్టలూ డొక్కలూ చాలు నాయనా, ఆ మానులు దూలాలకి పనికొస్తాయి, ఉంచమంది. వినలేదు.

మొద్దుబారిన గొలుసుతో కోస్తే ఏమవుతుంది? మిషన్ కోయదు, మనిషే నొక్కుతాడు. నొక్కినకొద్దీ పొగ, వేడి, నడుం నొప్పి. నేనేమో 58 సీసీలూ ఒట్టి మాటే, బలం లేదు అని తిట్టుకున్నాను. మేస్త్రీ వచ్చి కింద పడిన పొట్టు గుప్పిట్లోకి తీసుకుని చూపించాడు. మెత్తగా, గోధుమపిండిలా ఉంది. తర్వాత 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో ఒక్కో పన్నునీ లోపలినుంచి బయటికి, ఒకే వాలులో మూడేసిసార్లు రాశాడు. ఒక వరస అయ్యాక మిషన్ తిప్పి రెండో వరస. మళ్ళీ కోస్తే పొట్టు అటుకుల్లా రాలింది. నొక్కే పనే లేకపోయింది, మిషన్ బరువే దాన్ని దింపింది.

ఆ పన్ను గురించి ఒక మాట. తర్వాతెప్పుడో చదివాను. అమెరికాలో ఆరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన 1946లో కట్టెలు కొడుతూ ఒక మొద్దులో పెంకుపురుగు లార్వాని చూశాడట. అది చెక్కని నిలువునా అడ్డంగా కూడా, దవడలు కుడికీ ఎడమకీ ఆడిస్తూ సునాయాసంగా తొలుచుకుపోతోంది. ఆ దవడల తీరునే ఆయన గొలుసు పళ్ళకి పెట్టాడు. ఇప్పటికీ చాలా రంపాల గొలుసుల్లో కుడి పన్ను, ఎడమ పన్ను మార్చి మార్చి వచ్చేది ఆ వరసే. మా జీడిమామిడి మొదళ్ళు తొలిచి చంపే పురుగూ ఇలాంటి పెంకుపురుగు లార్వాయే. దాన్ని చూస్తే మందు కొట్టడం తప్ప, ఎలా కోస్తోందో కూర్చుని చూద్దామని మా ఊళ్ళో ఎవరికీ తోచలేదు. తోచే స్థితిలో లేం కూడాననుకోండి.

అసలు దెబ్బ డిసెంబరులో తగిలింది. పడిపోయిన జీడిమామిడి అంటే కొమ్మల అడవి. అడుగు లావు కూడా లేని కొమ్మని 22 అంగుళాల బారుతో కోస్తున్నాను. అంటే కొమ్మ అవతల పదంగుళాల మొన నాకు కనపడకుండా బయట తిరుగుతోంది. అటు చివర నాన్న చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడ్డారు. మొన పైభాగం వెనకున్న ఇంకో కొమ్మకి తగిలింది. తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. మిషన్ ఎగిరి నా మొహం మీదికొచ్చింది. తల పక్కకి తిప్పాను. చొక్కా ఎడమ భుజం దగ్గర చిరిగింది, వేడిగా ఏదో కారింది. నాలుగు కుట్లు పడ్డాయి. అరచెయ్యి వారలో మెడ తప్పింది.

బారు మొన పైభాగం దేన్నైనా తాకితే మిషన్ వెనక్కి తన్నుతుంది. ముందు పిడికి అడ్డంగా ఒక రేకులాంటిది ఉంటుంది. మణికట్టు దానికి తగలగానే అది ముందుకి వాలి గొలుసుని పట్టేస్తుంది. అది బ్రేకు. నా మిషన్‌కీ ఉంది. పొట్టు కళ్ళలో పడకుండా పెట్టిన రేకు అనుకున్నాను. పొట్టూ నూనే కలిసి మడ్డి కట్టి అది ఎప్పుడో కదలడం మానేసింది. ఒక్కరోజూ తుడవలేదు, ఒక్కరోజూ ముందుకి తోసి చూడలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నాన్న గొడ్డలితో మిగతా కొమ్మలు కొడుతున్నారు. నన్నేమీ అనలేదు. ఆ సాయంత్రం మిషన్ని గోనెసంచిలో పెట్టి అటక మీద పడేశాను, ట్యాంకులో పెట్రోల్‌తో సహా. అదీ తప్పే. పెట్రోల్లో కలిసే ఇథనాల్ తేమ పీలుస్తుంది. నెలల తరబడి నిలవుంటే రబ్బరు గొట్టాలనీ, కార్బురేటర్ లోపలి సన్నటి పొరనీ పాడు చేస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. ఏడాది తర్వాత దించితే గొట్టం జిగురైపోయింది. దానికి సరిపడే కార్బురేటర్ కోసం మేస్త్రీ మూడు ఊళ్ళు తిరిగాడు. పెట్టె మీద ఉన్న పేరుతో ఆ కంపెనీ మళ్ళీ ఎక్కడా కనపడలేదు.

రెండోసారి కొనేముందు కొట్టుకి కాదు, మేస్త్రీ షెడ్డుకి వెళ్ళాను. ఏది కొనమంటారు అంటే, "మీకేటి కొయ్యాలో సెప్పండి ముందు" అన్నాడు. అప్పుడు లెక్క వేశాను, మొదటిసారే వెయ్యాల్సిన లెక్క. ఇంటికి ఏడాదికి రెండు బండ్ల కర్రలు. అన్నిటికన్నా లావు దుంగ అడుగున్నర. ఏడాది మొత్తం మీద నాలుగైదు రోజుల పని. దీనికి 16 అంగుళాల బారు చాలు. లావుంటే రెండు వైపులనుంచీ కోసుకోవచ్చు. ముప్పై, ముప్పై ఐదు సీసీలు చాలు. చేతులు లాగవు, మొన కళ్ళముందే ఉంటుంది. కోతంతా పెరట్లోనే, ప్లగ్గు అందే దూరంలోనే అయితే కరెంటు రంపమే మేలంటాడు మేస్త్రీ. టూటీ లేదు, కార్బురేటర్ లేదు, నెలల తరబడి పడుండినా చెడదు. మా పక్కింటాయనకి అదే ఇప్పించాను. నాకు తోటలో పని కాబట్టి పెట్రోలే.

తర్వాత ఆయన గోడకున్న అరల వైపు చూపించాడు. ఏ మిషన్‌కి పిస్టన్, క్లచ్, గొట్టాలు, ఫిల్టర్లు తన దగ్గర ఉన్నాయో వాటిలోంచి ఎంచుకోమన్నాడు. జర్మనీ స్టిల్, స్వీడన్ హస్క్‌వర్నా లాంటి పెద్ద పేర్లన్నీ నేను అప్పటికే చదివేసి వెళ్ళాను. హస్క్‌వర్నా 1689లో తుపాకుల కార్ఖానాగా పుట్టిందని కూడా చెప్పాను. ఆయన వినీ విననట్టు, "ఆ తుపాకులకి మనకాడ స్పేరు దొరుకుతాదా?" అన్నాడు. అరల్లో దేని సామాను ఎక్కువుందో అదే కొన్నాను. మొదటిదానికి రెట్టింపు పైనే అయింది. ఆరేళ్ళలో ఫిల్టర్లూ, ప్లగ్గూ, రెండు గొలుసులూ తప్ప ఏమీ మార్చలేదు. కొత్త గొలుసు కావాలంటే అంగుళాలు చెబితే చాలదు, పిచ్, గేజ్, లింకుల సంఖ్య మూడూ చెప్పాలి. బారు మొదట్లో చెక్కి ఉంటాయి. నేను ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను.

ఈ సంక్రాంతికి ముందు గొలుసు మళ్ళీ అరిగిపోయింది. పళ్ళ మీది గీత దాకా ఆకురాయి వెళ్ళిపోయింది, ఇక రాయడానికి లేదు. మేస్త్రీ దగ్గర ఆ లింకుల గొలుసు అయిపోయింది. బజార్లో ఒకే చోట ఉందట. పాత కొట్టులోనే. ఆ కుర్రాడు ఇప్పుడు కొట్టు పెద్దది చేశాడు, పక్కనే సర్వీసూ పెట్టాడని విన్నాను. ఆ గొడవ నాటి నుంచీ ఆ వీధి గుండా వెళ్ళడం మానేసి రైలుగేటు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నాను. నిన్న పదిహేను వందలు విడిగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అమ్మ నీళ్ళపొయ్యి దగ్గరనుంచి కేకేసింది, కర్రలు రెండు రోజులకే ఉన్నాయని.