అమ్మ గదిలో ఫ్యాను

హన్మకొండలోని ఆ ఇంట్లో రోజూ ఉదయం ఆరింటికల్లా కరెంటు మీటరుకు హాజరు పడుతుంది. ఇంటాయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బడి వదిలారు గానీ లెక్కలు వదల్లేదు. ముఖం కడుక్కోగానే నోటు పుస్తకం పట్టుకుని మీటరు దగ్గరికి వెళ్తారు. నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె, తేడా... రాసుకుంటారు. తేడా ఆరున్నర యూనిట్లు దాటిందా, ఆ రోజు ఇంట్లో అందరికీ క్లాసే!

ఆయన ఆరాటానికి కారణం లేకపోలేదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు కాలితే కరెంటు చార్జీ రూ.820. ఒక్క యూనిట్ ఎక్కువై 201కి చేరితే శ్లాబు మారిపోయి రూ.1,027.70 అవుతుంది. మిగతా చార్జీలు వేరు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందలకు పైమాటే! మాస్టారింట్లో వేసవి లెక్కేమో 231 దగ్గర తిష్ఠ వేసుకు కూర్చుంది.

ఆయన పాఠాన్ని ఇంట్లో అందరికన్నా శ్రద్ధగా విన్నది ఎనభై రెండేళ్ల తల్లి. మే నెల... మిట్టమధ్యాహ్నం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. బజారుకెళ్లి వచ్చిన మాస్టారు తల్లి గదిలోకి తొంగిచూశారు. ఫ్యాను ఆపేసి ఉంది. ఆమె నేల మీద పడుకుని విసనకర్రతో విసురుకుంటోంది. చీర చెమటకు తడిసిపోయింది. లేపి కూర్చోబెట్టబోతే కళ్లు తిరిగి ఆయన చేతుల్లోకే వాలిపోయింది. ఉప్పేసిన మజ్జిగ తాగించి, తడిబట్టతో తుడిచాక గానీ తేరుకోలేదు.

‘‘ఫ్యాన్ ఎందుకు బంద్ జేసినవే అమ్మా?’’

‘‘నేనొక్కదాన్నే గద కొడుకా... నాకోసం మీటర్ తిరగాల్నా?’’

మాస్టారికి నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ తాను రాసిన అంకెలు తల్లి ఒంటి మీద చెమటై కారాయని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి పుస్తకం మళ్లీ తెరిచారు. ఈసారి క్లాసు పీకడానికి కాదు... ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అని చూడటానికి. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. ఇంతే సూత్రం.

ఇంజినీరింగ్ చదివే మనవరాలు మెట్ల దగ్గర సెన్సారు లైటు పెడదామంది. ‘‘మనిషొస్తే వెలుగుద్ది, పోతే ఆరిపోద్ది తాతా!’’ ధర ఐదొందలు. అక్కడున్నది 9 వాట్ల ఎల్‌ఈడీ. రాత్రి నాలుగు గంటలు వెలిగినా నెలకు యూనిట్‌కు కాస్త పైన. పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఏళ్లకేళ్లు పడుతుంది. వద్దన్నారు.

దేవుడి గదిలో ఎర్ర జీరో బల్బు రాత్రింబవళ్లు వెలుగుతుంది. పేరుకే జీరో... తినేది దాదాపు 15 వాట్లు! నెలకు పది యూనిట్లకు పైనే. దాని స్థానంలో అరవాటు ఎల్‌ఈడీ పెడితే నెలంతా కలిపి అర యూనిట్ కూడా కాలదు. ఇంట్లో అన్నిటికన్నా చవకైన మార్పు ఇదే!

ఇక ఫ్యాన్లు. పాతవి ఒక్కోటి 75 వాట్లు. కొత్త బీఎల్‌డీసీ రకం 28 వాట్లతో తిరుగుతుంది. హాల్లో ఫ్యాను రోజుకు పదిహేను గంటలు తిరిగితే, దాన్ని మార్చడం వల్ల నెలకు 21 యూనిట్లు మిగులుతాయి. అదే ఎప్పుడో చుట్టాలొస్తే వేసే గదిలోదైతే మార్చడం దండగ. వస్తువు ఎంత గొప్పదన్నది కాదు, ఎన్ని గంటలు నడుస్తుందన్నదే లెక్క. మూడేసి వేలు పెట్టి రెండే కొన్నారు. ఒకటి హాల్లోకి, ఒకటి తల్లి గదిలోకి.

మేడ మీద అద్దెకుండే ఆటో డ్రైవర్‌కూ ఈ సంగతి చెప్పబోయారు. ఆయన నవ్వేశాడు. ‘‘మాకు జీరో బిల్లే గద సార్!’’ తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి 200 యూనిట్ల దాకా ఉచితమనే గృహజ్యోతి 2024 మార్చి బిల్లుల నుంచి అమలైంది. నూట ఇరవై యూనిట్లు కాలే ఆ ఇంట్లో మూడు వేల ఫ్యాను కొంటే రూపాయి తిరిగిరాదు. నిజమే. చెల్పూరు థర్మల్ కేంద్రంలో ఆ కరెంటు కోసం యూనిట్‌కు అరకిలోకు పైగా బొగ్గు కాలడం మాత్రం ఆగదు. కానీ ఆ లెక్క ఆటో డ్రైవర్ నెత్తిన పెట్టడం మాస్టారికి సబబనిపించలేదు.

తల్లి మాత్రం కొత్త ఫ్యానునూ నమ్మలేదు. ‘‘ఇదీ కరెంటుతోనే గద తిరిగేది?’’ అంది. మాస్టారు చాక్‌పీసుతో గోడ మీదే రాసి చూపించారు. పాతది పది గంటలకు ముప్పావు యూనిట్ తినేది. ఇది ఇరవై గంటలు తిరిగినా అంత కాదు. ‘‘గట్లనా? మరి బంద్ జేసుడెందుకు!’’ అంటూ రిమోట్ దిండు కింద పెట్టుకుంది.

తర్వాతి బిల్లు 194 యూనిట్లు. కరెంటు చార్జీ రూ.1,259 నుంచి రూ.791కి దిగింది. చలికాలంలో ఇంత తేడా రాదని మాస్టారికీ తెలుసు.

ఉదయం హాజరు ఇప్పటికీ ఆగలేదు. పుస్తకంలో కొత్తగా ఓ గడి చేరింది... ‘అమ్మ ఫ్యాను తిరిగిన గంటలు’. ఎండాకాలంలో ఆ అంకె తగ్గిందా, ఆ రోజు ఇంట్లో క్లాసే!