మిషెల్ మూటన్ దారి

మిషెల్ మూటన్ 1951లో ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో పుట్టింది. అత్తర్లకు పేరుపడ్డ ఊరది. కార్ల ర్యాలీల్లోకి మొదట వచ్చింది స్టీరింగ్ పట్టడానికి కాదు, స్నేహితుడి పక్కసీట్లో కూర్చుని నోట్సు చదవడానికి. కూతురు తానే నడిపితే మేలనుకున్న తండ్రి ఒక ఆల్పీన్ కారు కొనిచ్చి, సత్తా నిరూపించుకోవడానికి ఏడాది గడువిచ్చాడు. ఆ నమ్మకం లేకపోతే ఈ కథే లేదు.

1981లో ఆడి కార్ల జట్టులో చేరి, ఆ ఏడాదే ఇటలీలో శాన్‌రెమో ర్యాలీ గెలిచింది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక పోటీ గెలిచిన తొలి మహిళ ఆమే. పక్కసీట్లో నోట్సు చదివింది ఫాబ్రిజియా పాన్స్. ర్యాలీలో ముందున్న మలుపు కంటికి కనబడకముందే చెవికి అందాలి: ఎటువైపు, ఎంత పదును, దాటాక ఎంత దూరం. ఆ గొంతును నమ్మి, బ్రేకు మీదికి పోబోయే కాలిని ఆపుకోవాలి. ఇంతటి నమ్మకం వేరే ఆటల్లో అరుదు.

1982లో పోర్చుగల్, గ్రీస్, బ్రెజిల్ ర్యాలీలు ఆమెవే. టైటిల్ కోసం వాల్టర్ రోల్‌తో పోరు ఐవరీ కోస్ట్ దాకా వచ్చింది. సరిగ్గా అక్కడ పోటీ మొదలయ్యే వేళకు తండ్రి చనిపోయిన కబురు అందింది. అయినా నడిపింది, ముందంజలో సాగింది. గేర్‌బాక్స్ మొరాయించింది, ఆపై ప్రమాదం. టైటిల్ రోల్‌కు దక్కింది, ఆమెది రెండో స్థానం. ఆ రెండో స్థానం ఎన్నో టైటిళ్ల కన్నా బరువైనది.

1985లో అమెరికాలోని పైక్స్ పీక్ కొండ పోటీని రికార్డు సమయంలో గెలిచింది. 1986లో ప్యూజో కారుతో జర్మన్ ఛాంపియన్ అయింది. వరుస ప్రాణనష్టాలతో గ్రూప్ బి తరగతి ర్యాలీ కార్ల రద్దు నిర్ణయం వెలువడిన ఆ ఏడాదే పోటీలకు స్వస్తి చెప్పింది.