గుడి లేని తీర్థం

జగ్గన్నతోటలో గుడి లేదు. కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న మామూలు కొబ్బరితోట అది. అయినా ఏటా కనుమనాడు అక్కడికి పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభలెక్కి వస్తారు. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు, కె.పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, మొసలపల్లి. ఏకాదశ రుద్రులంటారు వీళ్లని. మొసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం, వ్యాఘ్రేశ్వరుడిది పెద్దరికం. ఆయన ప్రభ తోటలోకి అడుగుపెట్టగానే అప్పటికే దిగి ఉన్న ప్రభలన్నిటినీ గౌరవంగా ఓసారి పైకెత్తుతారు. పెద్దాయన వస్తే కూర్చున్నవాళ్లు లేచి నిలబడరూ, అలాగే!

గుంటూరు, నరసరావుపేట వైపు వాళ్లకి ప్రభ అంటే కోటప్పకొండే. శివరాత్రికి అక్కడ కట్టే విద్యుత్ ప్రభల ఎత్తు ముందు కోనసీమ ప్రభ చిన్నదే. కాకపోతే దీన్ని భుజాలమీద మోయాలి, అదీ పొలాలకి అడ్డంపడి.

తాటిదూలాలు, టేకు చెక్కలు, వెదురుబొంగులు, మర్రి ఊడలు. వీటితో చట్రం లేస్తుంది. దానిమీద కొత్తబట్టలు బిగించి, రంగురంగుల నూలుదారాలు చుట్టి, నెమలిపింఛాలు, గంటలు, పూలదండలు కడతారు. ఆ యేటి కొత్త వరికంకులకీ ప్రభమీద చోటుంటుంది. అన్నీ అయ్యాక స్వామి ఉత్సవమూర్తిని ప్రభమీద ఉంచుతారు. ఏ ప్రభ సింగారం దానిదే. పక్క ఊరిదానికంటే మనది ఒక పిసరు ఎక్కువ ఉండాలన్న పంతం మాత్రం అందరిదీ. శివుళ్లకి లేని పోటీ ఊళ్లకి ఉంటుంది మరి! పండగకి హైదరాబాదు నుంచో బెంగుళూరు నుంచో దిగిన కుర్రాళ్లు కూడా కనుమ పొద్దున్నే పంచె బిగించి భుజం పడతారు.

మేం తోటకంటే ముందు కాలవగట్టుకి వెళ్లాం. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక దాటాలి. దాటించేవాళ్లు వంతెన వెతుక్కోరు, నీళ్లలోకి దిగిపోతారు. వెడల్పాటి బట్టకి గాలి తగిలితే ప్రభ తెరచాపలా ఒరగబోతుంది. రెండు పక్కలా తాళ్లు పట్టినవాళ్లకి అప్పుడుంటుంది పని. కింద బురద, మీద బరువు. "ఒరేయ్, ఎడమవాళ్లు లాగండ్రా!" అని గట్టుమీంచి ఓ పెద్దాయన కేక. వెంటనే వందల గొంతుల్లో "అశ్శరభ శరభ!" ఆ కేకతోనే అడుగు పడుతుంది, మోసేవాళ్లందరికీ అదే తాళం. ప్రభ అవతలి గట్టెక్కేదాకా చూసేవాళ్లకీ ఊపిరాడదు.

గట్టు దాటాక వరిచేలు. ప్రభ చేలో నుంచి వెళితే పంట తొక్కుడుపడుతుంది, నిజమే. స్వామి తమ చేనుమీదుగా నడిచాడని రైతులు సంతోషిస్తారే తప్ప అడ్డుచెప్పరు.

మధ్యాహ్నానికి తోట కిక్కిరిసింది. డప్పులు, సన్నాయి, మధ్యలో గరగలవాళ్ల చిందు. జీళ్లు, ఖర్జూరాల అంగళ్ల ముందు పిల్లల్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. తీర్థానికొచ్చి జీళ్లు కొనకుండా ఇంటికెళితే తిట్లు తప్పవు. సంక్రాంతి మూడురోజులూ టీవీ కెమెరాలు గోదావరి జిల్లాల కోడిపందేల బరుల దగ్గరే కాపురముంటాయి. పందెంలో చేతులు మారే డబ్బుకి దక్కిన చోటు ఈ మోత పనితనానికి దక్కకపోవడం అన్యాయమే.

ఢిల్లీ మాత్రం ఓసారి చూసింది. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థమే కర్తవ్యపథ్‌మీద నడిచింది. అక్కడ చదునైన రోడ్డు, కింద చక్రాలు. అగ్రహారం కుర్రాళ్లు చూసి నవ్వుకునే ఉంటారు!

ఈ ప్రాంతంలో ప్రభలు కట్టేది జగ్గన్నతోటకొక్కదానికే కాదు. కొత్తపేట తీర్థం సంక్రాంతినాడే జరుగుతుంది. అక్కడ బాణసంచాకి పెద్దపీట. రెండూ చూడదలిస్తే సంక్రాంతికి కొత్తపేట, మర్నాడు జగ్గన్నతోట. కనుమనాడు మాత్రం తోటలో చోటుకోసం తోసుకునే బదులు ముందుగా కౌశిక గట్టు చేరుకోవడం మేలు. చెప్పులు చేతపట్టుకోవాల్సి వస్తుంది, గట్టంతా జారుడే.