జీను కుదరని గుర్రం

తెర మీద గుర్రం దూసుకొస్తుంటే మనం చూసేది హీరోని. గుర్రం వీపు ఎవరిక్కావాలి చెప్పండి! 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినప్పుడు నల్లగొండలో నేల టికెట్టు కొనుక్కుని, కౌబాయ్ టోపీలో కృష్ణగారిని చూసి ఈలలు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ పిచ్చే ముదిరి చివరికి నాచేత గుర్రాలు కొనిపించింది. ఇప్పుడు మూడున్నాయి. పెళ్లి ఊరేగింపులకీ, అడపాదడపా షూటింగులకీ తిప్పుతుంటాను. రామోజీ ఫిల్మ్ సిటీ మేం హైదరాబాదు వెళ్లే దారిలోనే గదా.

మూడింట్లో రాణి సంగతి వేరు. మార్వారీ జాతి. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. మహబూబ్‌నగర్‌లో ఒక ఆసామి దగ్గర కారుచౌకగా దొరికింది. పొగరుబోతని దానికి పేరు. జీను కనిపిస్తే చాలు, చెవులు వెనక్కి వాల్చేది. పొట్టకింద పట్టీ బిగిస్తే కరవబోయేది. ఆర్నెల్లలో దారికి రాకపోతే అమ్మెయ్యాల్సిందేనని ఇంట్లో ఖరాఖండీగా చెప్పేశారు. అలా చేతులు మారిన గుర్రం చివరికి ఏ బరువు బండికి చేరుతుందో నాకు తెలుసు.

హైదరాబాదు పోలీసు అశ్వదళంలో పనిచేసి రిటైరైన చాచా ఒకాయన ఉన్నాడు. కబురు పెడితే వచ్చాడు. పళ్లు చూడలేదు, నడక చూడలేదు, తిన్నగా వీపు మీద వేళ్లు నడిపాడు. మూపుకి రెండువైపులా రూపాయి బిళ్లంత తెల్ల వెంట్రుకలు.

“పొగరు గాదు బేటా, నొప్పి. ఇరుకు చెప్పులు తొడిగి ఉరుకుమంటే నువ్వు ఉరుకుతవా?”

రాణిది ఎత్తైన, సన్నటి మూపు. దాని వెనక రెండు పక్కలా పల్లం. జీను లోపల ఒక చట్రం ఉంటుంది, అసలు కథంతా దాంట్లోనే. దాని కమాను మరీ వెడల్పైతే జీను దిగిపోయి మూపు ఎముక మీద కూర్చుంటుంది. ఇరుకైతే రెండు పక్కలా నొక్కేస్తుంది. వెన్ను మధ్యలో పల్లముంటే జీను ముందూ వెనకా ఆని నడుమ గాల్లో ఉంటుంది, రౌతు బరువంతా ఆ నాలుగు చోట్లే పడుతుంది. కింద మందంగా మెత్త వేస్తే సరి అంటారు చాలామంది. ఇరుకు బూటులోకి లావు మేజోడు తొడుక్కోవడం లాంటిదే అది!

హైదరాబాదులో నాలుగు జీన్లు తెచ్చి వేసి చూశాం. గుడ్డ వెయ్యకుండా జీను పెట్టి, మనిషి ఎక్కాక కూడా మూపుకీ కమానుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. వెనకనుంచి వంగి చూస్తే వెన్ను పొడుగునా వెలుతురు కనిపించాలి. జీను ముందు జబ్బ ఎముక మీదికి ఎక్కకూడదు, వెనక చివరి పక్కటెముక దాటకూడదు. నాలుగూ తప్పాయి. తోలు మాత్రం నిగనిగలాడుతూ ఎంత బాగుందో!

ఇక చాచా మెత్తటి తీగ ఒకటి తెచ్చి, మూపు మీద ఒత్తి వంచి, ఆ వంపుని అట్ట మీద పెన్సిలుతో గీశాడు. అలా మూడు చోట్ల. జీన్లకి పేరున్న కాన్పూరుకి ఆ అట్టలు పంపి చేయించాం. ఖర్చు సంగతి అడక్కండి, ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు. చట్రం కుదిరింది గానీ జీను ఎడమకి వాలింది. రాణికి ఆ వైపు జబ్బ కాస్త చిన్నదట. మా వీధి చివర చెప్పులు కుట్టే తాత కుట్టు విప్పి, అటువైపు గొర్రె ఉన్ని కూరి మళ్లీ కుట్టాడు. కింద వెయ్యడానికి పాలమూరు గొంగడి ఒక్క మడత. దక్కనీ గొర్రెల ఉన్ని బిరుసే, కానీ చెమట పీలుస్తుంది.

అరగంట స్వారీ చేసి జీను దించాం. వీపు రెండు పక్కలా సమంగా తడిసింది. నడుమ ఎక్కడైనా పొడి మచ్చ ఉంటే అక్కడ ఒత్తుతోందన్నమాట. లేదు. మర్నాడు పట్టీ బిగిస్తుంటే అలవాటుకొద్దీ తల వెనక్కి తిప్పింది. నేను మోచెయ్యి అడ్డం పెట్టాను. వాసన చూసి ఊరుకుంది.

వానాకాలం పచ్చిగడ్డి తిని ఇప్పుడు ఒళ్లు చేసింది. మళ్లీ కొలవాలంటున్నాడు చాచా. తెల్ల వెంట్రుకలు మాత్రం పోలేదు, పోవు కూడా. మొన్న జీను లేకుండా తీసే షాటుకి మేకప్ కుర్రాడు రంగు డబ్బా పట్టుకుని వస్తే, “వాటినట్లనే ఉండనియ్ తమ్ముడూ” అన్నాను.