ముకుతాడు వీడిన ఎలుగుబంట్లు

ఆగ్రాకు పోయిన యాత్రికుడు తాజమహలు చూస్తాడు, కోట చూస్తాడు, తీరిక చిక్కితే ఫతేపూర్ సిక్రీ వరకు వెళ్లి వస్తాడు. పేఠా మిఠాయి పొట్లం కట్టించుకొని రైలెక్కుతాడు. ఢిల్లీ రహదారి మీద, నగరానికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న కీఠం సరస్సు వైపు తొంగిచూచేవారు తక్కువ. భక్తకవి సూరదాసు నివసించినట్లు చెప్పుకొనే రునకతా ఆ సమీపంలోనే ఉన్నది. అందువల్ల ఆ సరస్సుకు సూర్ సరోవర్ అని పేరు వచ్చింది. 1991లో దానిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలంలో దూరదేశాల బాతులు వచ్చి వాలే ఆ నీటి ఒడ్డున, చెట్ల నీడలో, ఒకప్పుడు వీధులలో ఆడిన ఎలుగుబంట్లు శేషజీవితం గడుపుతున్నాయి.

ఆ ఎలుగుబంట్లకూ తాజమహలు చూడవచ్చిన జనానికీ ఒక పాత సంబంధం ఉన్నది. ఆగ్రా నుండి జయపురం పోయే దారిలో, టూరిస్టు బస్సులు నెమ్మదించే ప్రతి మలుపులోనూ, ఒకప్పుడు కలందరులు ఎలుగుబంట్లతో నిలబడి ఉండేవారు. బస్సు కనబడగానే డమరుకం మ్రోగేది, తాడు బిగిసేది, జంతువు వెనుక కాళ్ల మీద లేచి గెంతేది. కిటికీలోనుండి కెమెరాలు, ఆ వెనుకనే నాణేలు బయటికి వచ్చేవి. బస్సు కదిలిపోయేది. చూచినవారిలో అధికులు దుర్మార్గులు కారు. అడవి జంతువును ఇంత దగ్గరగా చూడగలిగామని సంతోషించినవారే.

ఆ తాడు ఎట్లా పడుతుందో వారెవరికీ తెలియదు. తల్లిని చంపిగాని, అది మేతకు పోయిన వేళ గుహలో దూరిగాని, కొద్ది వారాల పిల్లను వేటగాళ్లు ఎత్తుకొస్తారు. కలందరు దానిని కొంటాడు. పిల్ల కొంచెం ఎదిగిన తరువాత ఎఱ్ఱగా కాల్చిన ఇనుప చువ్వను దాని ముట్టెలో గుచ్చి రంధ్రం చేస్తారు. మత్తుమందు ఉండదు. ఆ పచ్చిపుండులోనుంచి తాడు దూరుస్తారు. కోరపళ్లు విరగగొడతారు, గోళ్లు కత్తిరిస్తారు. తాడు లాగినప్పుడెల్లా పుండు రేగుతుంది. ఆ బాధ తప్పించుకోవడానికి జంతువు లేచి గెంతుతుంది. జనం నాట్యమని పిలిచినది ఇదే.

తెలుగుదేశంలోనూ పెద్దవయసు వారికి ఈ దృశ్యం కొత్తది కాదు. ఊరిలోకి గుడ్డెలుగు వచ్చిందంటే బడి పిల్లలు పలకలు వదలి పరుగెత్తేవారు. దడుపు జ్వరం తగిలిన బిడ్డను తల్లులు దాని వీపు మీద కూర్చోబెట్టి దించేవారు. నాలుగు వెంట్రుకలు అడిగి తాయెత్తులో కట్టించేవారు. జాంబవంతుని వంశమని దండం పెట్టినవారు కూడ దాని మూతి మీది పుండును గమనించినట్లు లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇటువంటి ఆటలను నేరం చేసింది. అయినా ఆ తరువాత మూడు దశాబ్దాల వరకు ఆట ఆగలేదు. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. కలందరుకు పొలం లేదు, చదువు లేదు. తన పూర్వులు మొగలు దర్బారులలో ఎలుగుబంట్లను ఆడించారని చెప్పుకొనే సంచార కులం అది. జంతువును లాగుకొని పోయి, మనిషిని జైలులో పెడితే, అతని భార్యాబిడ్డలకు ఆ సాయంకాలం నుండి తిండి లేదు. విడిచి వచ్చిన మనిషి చేసే మొదటి పని మరొక పిల్లను కొనడం. అనగా అడవిలో మరొక తల్లి చావడం.

1995లో కార్తీక్ సత్యనారాయణ్, గీతా శేషమణి స్థాపించిన వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. సంస్థ ఈ ముడి విప్పడానికి వేరొక దారి పట్టింది. ఎలుగుబంటిని స్వచ్ఛందంగా అప్పగించి, ఇక ఈ వృత్తి చేయనని కాగితం మీద సంతకం చేసిన కలందరుకు మరొక జీవనోపాధికి పెట్టుబడి ఇచ్చారు. పిల్లలను బడిలో చేర్పించారు, ఆడవారికి చేతిపని నేర్పించారు. ఉత్తరప్రదేశ్ అటవీశాఖ సహకారంతో కీఠం వద్ద నెలకొన్న కేంద్రానికి 2002 డిసెంబరులో తొలి ఎలుగుబంట్లు వచ్చాయి. తరువాత భోపాల్‌లో, బెంగుళూరు దగ్గర బన్నేరుఘట్టలో కూడ ఇటువంటివే వెలిశాయి. 2009 డిసెంబరులో కర్ణాటకలో రాజు అనే ఎలుగుబంటి ముట్టె నుండి తాడు కోయడంతో దేశంలో ఈ ఆట ముగిసినదని ప్రకటించారు. అప్పటికి అప్పగింతకు వచ్చినవి ఆరు వందలకు పైమాటే. ఒకనాడు తాడు పట్టిన కలందరులలో కొందరు ఇప్పుడు ఇట్టి కేంద్రాలలోనే మేత పెట్టే ఉద్యోగంలో ఉన్నారు.

చూడదలచినవారు ముందుగా అనుమతి తీసుకొని పోవాలి. లోపల ఇతర వినోదస్థలాల అలవాట్లేవీ చెల్లవు. తాకరాదు, తినిపించరాదు, కేకలు వేయరాదు, పక్కన నిలబడి ఫోటో దిగడమన్న ప్రశ్నే లేదు. కొంత దూరంలో నిలిచి చూడవలసినదే. ఎలుగుబంటికి ఇష్టమైతే కనబడుతుంది, లేకుంటే గుంటలోనో, ఊయల పలక మీదనో పడి నిద్రపోతుంది. అంత దూరం వచ్చి నల్లని వీపు ఒకటి మాత్రమే చూచి తిరిగిపోయేవారు ఉంటారు. వారికి నిరాశ కలగడం సహజమే. కాని జంతు సంరక్షణ పేరు పెట్టుకొని, పులిపిల్లను ఒడిలో పెట్టి ఫోటో తీయించే చోట్లు, ఏనుగుకు స్నానం చేయించమని రుసుము పుచ్చుకొనే చోట్లు లోకంలో కొల్లలు. ఒడిలో పెట్టడానికి ఏటేటా కొత్త పిల్లలు ఎక్కడనుండి వస్తున్నాయి? టిక్కెట్టు కొనే ముందు ఈ ప్రశ్న అడిగితే, ఏది ఆశ్రయమో ఏది దుకాణమో చాలవరకు తేలిపోతుంది.

వీటిని అడవిలో వదలవచ్చును గదా అని వచ్చినవారిలో చాలమంది అడుగుతారు. ఈ జాతి ఎలుగుబంటికి పుట్టలోని చెదలే ముఖ్యాహారం. పొడవైన గోళ్లతో పుట్టను త్రవ్వి, ముక్కు రంధ్రాలు మూసుకొని, పెదవులు సున్నాలా చుట్టి చెదలను లోపలికి పీల్చుకొంటుంది. అందుకు అనువుగా పై దౌడలో ముందు పళ్లు రెండు పుట్టుకతోనే ఉండవు. ఇప్పపూలు ఎప్పుడు రాలుతాయో, తేనెపట్టు ఎక్కడ దొరుకుతుందో పిల్ల తల్లి వీపు మీద తిరుగుతూనే నేర్చుకోవాలి. ఆ చదువు వీటికి దక్కలేదు. పళ్లు విరిగినవి, చూపు పోయినవి, మనుషుల మధ్య బ్రతికినందున క్షయ తగిలినవి వీటిలో ఉన్నాయి. అడవిలో వదలడమంటే చంపడమే. అందుచేత కేంద్రంలో పొద్దున జావ, సాయంకాలం పుచ్చకాయ మొదలైన పండ్లు పెడతారు. బోలు దుంగలలో తేనె పూసి వెదుక్కోమంటారు. ఎండాకాలంలో తడవడానికి నీటితొట్లు ఉంటాయి. నేరేడు చెట్టు ఎక్కగలిగినది ఎక్కుతుంది.

నేపాలులో మిగిలిన ఆటఎలుగుబంట్లు రెండు, రంగీలా, శ్రీదేవి, 2017 డిసెంబరులో దొరికాయి. శ్రీదేవి కొద్ది వారాలకే ఖాట్మండు జంతుప్రదర్శనశాలలో మరణించింది. రంగీలా 2018లో సరిహద్దు దాటి కీఠం చేరింది. తొలినాళ్లలో వచ్చినవి ముసలివై ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. మూతి చిల్లుతో వచ్చే కొత్త జంతువులు అరుదు గనుక వాటి సంఖ్య ఏటికేడు తగ్గవలసినదే. ఇప్పుడు వచ్చేవి సాధారణంగా వేటగాళ్ల ఉచ్చులలో కాలు తెగినవి, దొంగరవాణాలో పట్టుబడినవి.

మేతవేళకు తలుపులు తెరుచుకొనగానే కొన్ని తిన్నగా గిన్నెల వైపు నడుస్తాయి. ఒకటి రెండు మాత్రం అక్కడే నిలబడి, తల ఇటూ అటూ ఊపుతూ, పాదాలు మార్చి మార్చి వేస్తూ ఉండిపోతాయి. కొత్తగా వచ్చినవారు దానిని చూచి, అదిగో ఆడుతున్నదని పిల్లలను ఎత్తి చూపబోతారు. అది ఆట కాదని, తాడు పోయినా ఆ ఊపు పోలేదని అక్కడి మనిషి చెప్పవలసి వస్తుంది.