డోర్నకల్ నుంచి ఒక సంచి బియ్యం

రైలు గార్ల దాటాక సామాను దించుకున్నాం. సికింద్రాబాద్‌లోని మా క్రైస్తవ సంఘం నుంచి నలుగురం, రెండు అట్టపెట్టెల మందులు, చుట్ట చుట్టిన ఒక ఫ్లెక్సీ. డోర్నకల్ అవతలి పల్లెలో వైద్య శిబిరం పెట్టాలనీ, అక్కడి గుడి ముందు రేకుల షెడ్డు వేయించాలనీ మా కమిటీ తీర్మానం. పల్లెవాళ్లను అడిగారా అంటే, ఫోన్ చేసి తేదీ చెప్పాం. అదే అడగడం అనుకున్నాం.

కొత్తగూడెం బొగ్గు గనుల వైపు వెళ్లే లైను చీలేది డోర్నకల్ జంక్షన్లోనే. ఆటో రావడానికి గంట పట్టేట్టుంది, ఈలోగా పెద్ద గుడి చూద్దామని నడిచాం. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్ అది. బయట గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపల స్తంభాలు చూస్తే కోవెల మండపం. కట్టించింది బిషప్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సభకు మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయనకు ఈ ఊరి దారి చూపింది తెల్లదొరల మిషన్ కాదు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో మొదలుపెట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ.

1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల ఎదుటే అజరయ్య, మీ త్యాగాలకు లోటు లేదు గాని మాతో స్నేహమే కుదరడం లేదని తేల్చి చెప్పాడు. చాలామందికి మింగుడు పడలేదు. ఈ కథ ప్రసంగాల్లో బోలెడుసార్లు విన్నదే. గుడి తలుపు తీసిన పెద్దాయన మళ్లీ చెబుతుంటే మాత్రం, చేతిలోని ఫ్లెక్సీని మెల్లగా వీపు వెనక్కి జరిపాను.

పల్లెలో షెడ్డు మాట ఎత్తగానే సంఘపెద్ద నవ్వాడు. "ఎండకాలం రేకుల కింద ఎవరు కూసుంటరు సారూ? మాకు యాపచెట్టుంది."

మరేం కావాలని అప్పుడు అడిగాం, మొదటిసారి.

"డాక్టరు నెలకోపాలి వస్తే మంచిది. ఒక్కనాడు వచ్చిపోతే బీపీ గోలీలు ఆ నెలకే ఒడుస్తయి. ఇంకోటి, మా పిలగాండ్లు వారం వారం పక్క తండాకు ప్రార్థనకు పోతరు. బండి ఖరాబైంది. బాగు చేయిస్తే సాలు, పెట్రోలు మేమే పోసుకుంటం."

తండాలో పరిచర్య మా తీర్మానంలో ఎక్కడా లేదు. అది వాళ్లది, మేం రాకముందు నుంచీ నడుస్తున్నది. శిబిరం ఎలాగూ జరిగింది. దాని గురించి చెప్పడానికేం లేదు, మోకాళ్ల నొప్పులూ, బీపీలూ.

మధ్యాహ్నం భోజనం ఆ పల్లె సంఘానికి బోధించే ఉపదేశిగారింట్లో. వంటింటి మూల ఒక కుండ ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతిపూటా ఒక పిడికెడు అందులో వేస్తారు. ఆదివారం అందరిళ్ల పిడికిళ్లూ గుడికి చేరతాయి. ఉపదేశి జీతంలో కొంత అందులోంచే వస్తుంది. బయల్దేరుతుంటే ఆ ఇంటామె ఆ బియ్యంతో నింపిన సంచి తెచ్చి మా ముందు పెట్టింది, మీ సంఘానికి అంటూ. మేం వద్దంటే వద్దన్నాం.

"మీరిస్తే మేం తీసుకోవాలె, మేమిస్తే మీకొద్దా అన్నా?"

స్టేషన్ చేరేసరికి చినుకులు. ప్లాట్‌ఫారమంతా తడి. సంచి కింద ఫ్లెక్సీ పరిచాం.